తంగేడు పువ్వుకు పూజ, లందకు వెలి!

పట్నంలో హస్తకళల అంగడికి పోయి చూడండి. కొండపల్లి బొమ్మ ఉంటది, నిర్మల్ బొమ్మ ఉంటది, పోచంపల్లి చీర ఉంటది. ఉండాల్సిందే. అవి చేసిన చేతులకు మా దండం. మరి మాదిగోడు కుట్టిన కిర్రు చెప్పు ఏది? చెక్క పని కళ అయితది, తోలు పని మాత్రం కులవృత్తి అయితది. కళకు సన్మానం, కులవృత్తికి వెలి. ఈ తేడా ఎవరు పెట్టిన్రు?

లెక్క మేం చెప్తం. ఆయిల్ ఇంజన్లు, కరెంటు మోటార్లు రాకముందు బావి నీళ్ళను మడికి ఎక్కించింది మోట. ఆ మోటకు తొండం కుట్టింది మేం. ఎద్దు మెడపట్టెడ, కాడికి వారు, చర్నాకోల, రైతు కాలికి చెప్పు అన్నీ మావే. తొండం చినిగిననాడు పంట ఎండేది. అంటే ఊరు తిన్న మెతుకులో మా పనితనం ఉంది. దక్కిందేంది? కళ్ళంలో నాలుగు గింజలు. దొర గడీకి వెట్టి చెప్పులు. మేం కుట్టిన తోలు తొండం బావిలో మునిగితే మైల లేదు. మేం చేద వేస్తే మైలంట!

పచ్చితోలును సున్నంలో నానేసి, వెంట్రుక ఊడగీకి, కండ చెక్కి, తంగేడు చెక్క నీళ్ళల్ల రోజుల తరబడి ఊరేస్తేనే అది కుళ్ళని తోలయితది. ఇది శాస్త్రం కాదా? మా తాతలకు ఏ కాలేజీ నేర్పింది? 19వ శతాబ్దంలో తంగేడు చెక్కతో పదును చేసిన తోళ్ళు మద్రాసు రేవు నుంచి ఇంగ్లండుకు ఓడలెక్కినయి. పైసలు కనపడంగనే తోలుకు మైల పోయింది! పెట్టుబడి ఉన్నోడు యజమాని అయిండు. సున్నం కుండీలో దిగే కూలి మాకు మిగిలింది.

2014లో తంగేడును తెలంగాణ రాష్ట్ర పుష్పం చేసిన్రు. మంచిదే. పువ్వు బతుకమ్మ మీద మెరుస్తది. చెక్క కొట్టి తోలు ఊరేసిన మనిషిని మాత్రం ఎవరూ తలవరు.

2023లో కేంద్రం విశ్వకర్మ పథకం తెచ్చింది. 18 వృత్తుల్లో చెప్పులు కుట్టేటోళ్ళూ ఉన్నరు. పనిముట్లకు 15,000 రూపాయలు, రెండు విడతల్లో 3 లక్షల దాకా అప్పు. అర్హత ఉన్నోళ్ళు తీసుకోండి, వదలకండి. కానీ అదే పథకం కుటుంబ వృత్తినీ గురుశిష్య పరంపరనూ బలపరుస్తానంటున్నది. అక్కడ జాగ్రత్త! తండ్రి ఆరె పట్టిండు కాబట్టి కొడుకూ పట్టాలనుడు కళను కాపాడుడు కాదు, కులాన్ని కాపాడుడు.

మా మాట సూటిగా చెప్తున్నం. హాస్టల్ పిల్లల బూట్లు, పోలీసు బూట్ల ఆర్డర్లు మా సొసైటీలకియ్యాలె. తోలు ఫ్యాక్టరీలో మాకు కూలి కాదు, వాటా కావాలె. ఆరె పట్టాల్నా, కలం పట్టాల్నా మా పిల్లలే తేల్చుకుంటరు.

అన్నలారా, అక్కలారా! ఈ పక్షం ఒక పని చేయండి. మీ వాడలో లంద ఉండిన జాగ ఏ సర్వే నంబరులో ఉంది, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? ముసలోళ్ళను అడిగి రాసుకోండి. మన పోరాటం ఆ కాగితం కాడ మొదలైతది.