ఇల్లు భయానికి లొంగకూడదు

ఉమ్మడి ఇంట్లో ఒకరికి మురికి భయం పట్టుకుంటే అది ఆ ఒక్కరితో ఆగదు. బయటి నుంచి వచ్చినవాళ్లు గుమ్మం దగ్గరే బట్టలు మార్చుకోవాలి. కూరగాయల సంచి వంటగట్టు మీద పెట్టకూడదు. నల్లా తిప్పిన చేత్తో మంచినీళ్ల బిందె ముట్టకూడదు. బడి సంచి మంచానికి తగిలితే దుప్పట్లన్నీ ఉతకాలి. మొదట్లో "పోనీలే, గొడవెందుకు" అని ఇంటివాళ్లు సర్దుకుంటారు. ఏడాది తిరిగేసరికి ఆ సర్దుబాట్లే కట్టుబాట్లవుతాయి. ఎవరూ నిశ్చింతగా కూర్చోలేని, పడుకోలేని ఇల్లు మిగులుతుంది. నాందేడ్‌లోనూ, దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ తాలూకాల్లోనూ మరాఠీ, తెలుగు కలగలిసి వినిపించే ఇళ్లలో రెండు మూడు తరాలు ఒకే కప్పు కింద ఉండడం ఇప్పటికీ మామూలే. స్నానాలగది ఒకటే, వంటిల్లు ఒకటే, పట్టిపెట్టుకున్న నీళ్లూ అందరివీ. అలాంటి చోట దీన్ని ఒక మనిషి స్వభావమని కొట్టిపారేస్తే నష్టపోయేది ఇల్లంతా. నేను చెప్పదలచింది ఒక్కటే. మురికి భయంతో బాధపడే మనిషికి ఇంటివాళ్లు చేయగల అసలైన సాయం, ఆ భయం ఆడించినట్టల్లా ఆడటాన్ని ముందుగా చెప్పి, మెల్లగా, ప్రేమగా మానేయడమే. తిడితే ఈ జబ్బు తగ్గదు, లొంగితే పెరుగుతుంది.

ముందుగా దీన్ని జబ్బుగా గుర్తించాలి. వద్దన్నా వెంటాడే ఆలోచన, దాన్ని చల్లార్చుకోవడానికి పదేపదే చేసే పని కలిసి రోజులో గంటకు పైగా తినేస్తూ బతుకును కుంగదీస్తుంటే వైద్యులు దాన్ని ఓసీడీ అంటారు. అంటు, మురికి, క్రిముల భయం ఈ జబ్బులో ఎక్కువగా కనిపించే రూపాల్లో ఒకటి. బెంగళూరు నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే పెద్దల్లో సుమారు 0.8 శాతం మందికి ఓసీడీ ఉందని తేల్చింది. ఆ 12 రాష్ట్రాల్లో మహారాష్ట్ర లేదు, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కూడా లేవు. అయినా అదే లెక్క ఇక్కడికీ వర్తిస్తుందనుకుంటే, 2011 జనగణనలో 33 లక్షలు దాటిన నాందేడ్ జిల్లాలో పెద్దలు 20 లక్షల మంది అనుకున్నా, 16 వేల మందికి ఈ బాధ ఉండాలి. అందరిదీ మురికి భయమే కాదు. కొందరు తాళం వేశామా లేదా అని పదిసార్లు చూస్తారు, కొందరు లెక్కలు పెట్టుకుంటారు. ఎలా చూసినా ఒక్కో రోగి చుట్టూ నలుగురైదుగురు ఉంటారు కాబట్టి ఈ జబ్బు నీడ పడే మనుషుల సంఖ్య దానికి ఎన్నో రెట్లు. వీళ్లలో చాలామందిని చాదస్తం, అతి శుభ్రం అని ఇంట్లోనే ముద్రవేసి వదిలేస్తారు. డాక్టరు దాకా వచ్చేసరికి ఏళ్లు గడిచిపోతాయి.

ఈ భయం పనిచేసే తీరు తెలిస్తే లొంగడం ఎందుకు తప్పో అర్థమవుతుంది. ఏదో తాకగానే మనసులో కలవరం లేస్తుంది. చేతులు కడగగానే అది తగ్గుతుంది. కడిగాను కాబట్టే గండం తప్పిందని మెదడు నేర్చుకుంటుంది. మరుసటిసారి ఇంకాస్త చిన్న కారణానికే కలవరం లేస్తుంది, ఇంకాస్త ఎక్కువ కడగాల్సి వస్తుంది. కడగకపోయినా ఏమీ అయ్యేది కాదని తెలుసుకునే అవకాశం మాత్రం ఎప్పటికీ దొరకదు. పైగా ఈ భయం క్రిముల లెక్క ప్రకారం నడవదు. అమెరికా మనస్తత్వవేత్త పాల్ రోజిన్, ఆయన సహచరులు 1986లో ప్రచురించిన ప్రయోగాల్లో క్రిమిరహితం చేసిన చచ్చిన బొద్దింకను పళ్లరసంలో ముంచి తీశారు. ప్రమాదం లేదని తెలిసినా చాలామంది ఆ రసం తాగడానికి ఇష్టపడలేదు. ఒకసారి తాకితే చాలు, ఆ అంటు ఎప్పటికీ పోదన్న భావన ఆరోగ్యవంతుల్లోనూ ఉందన్నమాట. జబ్బు ఉన్నవాళ్లలో ఇదే భావన చెప్పుల నుంచి నేలకు, నేల నుంచి చీర కుచ్చిళ్లకు, అక్కడి నుంచి మంచానికి పాకుతూ పోతుంది. అందుకే సబ్బుతో, ఫినాయిల్‌తో దీన్ని గెలవడం అసాధ్యం. ఇల్లు ఎంత తళతళలాడినా భయానికి మరో మూల దొరుకుతుంది.

ఇక్కడే కుటుంబం పాత్ర మొదలవుతుంది. రోగి కోసం ఇంటివాళ్లు అదనంగా కడగడం, అడిగిన ప్రతిసారీ "శుభ్రంగానే ఉంది" అని హామీ ఇవ్వడం, భయపెట్టే వస్తువులను దాచేయడం ఎంత విస్తారంగా జరుగుతున్నాయో అమెరికాలో లీసా కాల్వొకరెస్సీ బృందం 1995లోనే నమోదు చేసింది. ఆ తర్వాత వచ్చిన ఎన్నో అధ్యయనాల్లో కనిపించిన సంబంధం ఒకటే. ఇలాంటి సర్దుబాటు ఎక్కువున్న ఇళ్లలో జబ్బు తీవ్రత కూడా ఎక్కువగా ఉంటోంది. జబ్బు ముదిరింది కాబట్టే ఇంటివాళ్లు సర్దుకుంటున్నారేమో, సర్దుబాటు వల్లే ముదిరిందని ఎలా అంటారని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానం వెతకాలంటే సర్దుబాటును తగ్గించి చూడాలి. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలీ లెబోవిట్జ్ బృందం ఆందోళన జబ్బులున్న 7 నుంచి 14 ఏళ్ల పిల్లలు 124 మంది విషయంలో ఆ పనే చేసింది. సగం మంది పిల్లలకు నేరుగా చికిత్స ఇచ్చారు. మిగతా సగం మంది విషయంలో పిల్లల్ని కలవకుండా తల్లిదండ్రులకు మాత్రమే, పిల్లల భయానికి లొంగకుండా అండగా నిలవడం ఎలాగో నేర్పారు. 2020లో వెలువడిన ఫలితాల్లో రెండో పద్ధతి మొదటిదానికి తీసిపోలేదు. అది ఓసీడీ మీద చేసిన పరీక్ష కాదు, పెద్దల మీదా కాదు. అయినా ఇంటివాళ్ల ప్రవర్తన మారితే భయం తగ్గగలదని చెప్పడానికి అది గట్టి ఆధారం.

దీనికి ఎదురయ్యే మొదటి అభ్యంతరం మన ఊళ్ల స్థితి నుంచే వస్తుంది. గోదావరిలోకి మురుగు కలుస్తున్నప్పుడు, వానాకాలం రాగానే వాంతులు, విరేచనాలు, కామెర్లు తిరగబెడుతున్నప్పుడు, మురికికి భయపడటం జబ్బెలా అవుతుందంటారు. ప్రమాదం నిజమే. అందుకే దాన్ని కొలిచి చూడాలి. నీటి ద్వారా వచ్చే జబ్బులు నోటి దారిన వస్తాయి. తాగే నీళ్లు మరిగించడమో క్లోరిన్ వేయడమో చేయాలి. మలవిసర్జన తర్వాత, వంటకు ముందు, తినే ముందు సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోవాలి. వండినవాటి మీద మూత పెట్టాలి. ఈ మూడు పనులు ఇచ్చే రక్షణతో పోలిస్తే తలుపు గొళ్లెం కడగడం, నోట్లు తుడవడం, బట్టలు మూడుసార్లు జాడించడం అదనంగా ఇచ్చేది దాదాపు ఏమీ లేదు. కరోనా కాలం ఇందుకు పెద్ద పాఠం. 2020లో పాల ప్యాకెట్లు కూడా సబ్బునీళ్లతో కడిగాం. 2021 ఏప్రిల్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ, వైరస్ ఉన్న వస్తువును తాకడం వల్ల ఆ జబ్బు సోకే అవకాశం సాధారణంగా పది వేలలో ఒకటి కంటే తక్కువని ప్రకటించింది. వైరస్ గాలిలో తిరుగుతుంటే మనం సంచులు కడుగుతూ కూర్చున్నాం. భయం మన శ్రమను తప్పు చోటికి మళ్లిస్తుంది. మరాఠ్వాడాలో నీళ్లకూ ఇదే లెక్క. 2016 వేసవిలో పక్కనున్న లాతూరుకు మిరజ్ నుంచి రైల్లో నీళ్లు తెచ్చుకోవాల్సి వచ్చిన ప్రాంతం ఇది. ఒక్కరి భయం కోసం బిందెలకు బిందెలు పారబోస్తే ఇంట్లో మిగతావాళ్లు చేతులు కడుక్కోవడానికీ నీళ్లుండవు. చీపురు పట్టుకుని ఊరూరా వీధులు ఊడ్చిన గాడ్గే బాబా పేరిట మహారాష్ట్ర ప్రభుత్వం 2000లో గ్రామ స్వచ్ఛతా ఉద్యమం మొదలుపెట్టింది. శుభ్రత మీద మన పట్టుదల కూడా అలా ఇల్లు దాటి వీధిలో పారే మురుగు కాలువ మీదకి వెళ్లాలి.

రెండో అభ్యంతరం ఆచారం నుంచి వస్తుంది. మడి, ఎంగిలి, మైల పాటించడం మన పెద్దల నుంచి వచ్చిందే కదా, మరాఠీ ఇళ్లలో సోవళే ఉంది కదా, దాన్నీ జబ్బంటారా అని కొందరు నొచ్చుకుంటారు. ఆచారాన్ని జబ్బనడం సరికాదు. రెండింటికీ తేడా ఉంది. ఆచారానికి ఒక వేళ, ఒక హద్దు, ఒక ముగింపు ఉంటాయి. స్నానం చేసి మడి కట్టుకుంటే ఆ పని పూర్తయినట్టే. భయానికి ముగింపు ఉండదు, పాటించేవాళ్లకు తృప్తి ఉండదు. ముగింపు ఉన్న శుభ్రత ఎలా ఉంటుందో నాందేడ్‌లోనే చూడవచ్చు. హజూర్ సాహిబ్ గురుద్వారాలో చెప్పులు బయట విడిచి, కాళ్లూ చేతులూ కడుక్కుని, తల కప్పుకుని లోపలికి వెళతారు. లంగర్‌లో అందరూ ఒకే వరుసలో నేల మీద కూర్చుని తింటారు. పక్కన ఎవరు కూర్చున్నారు, వడ్డించేది ఎవరు అన్న విచారణ ఉండదు. నియమం ఉంది, అది అందరికీ ఒకటే, ఒక్కసారి పాటిస్తే సరిపోతుంది. మరో విషయం కూడా నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. పనిమనిషి గ్లాసు వేరుగా పెట్టడం, నెలసరిలో ఉన్న ఆడపిల్లను మూల కూర్చోబెట్టడం ఆరోగ్య సూత్రాలు కావు. రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. భయం పేరుతోనైనా ఆచారం పేరుతోనైనా సాటి మనిషిని మురికిగా చూసే నియమాన్ని ఏ ఇల్లూ నిలుపుకోకూడదు.

మూడో అభ్యంతరం మనసుకు సంబంధించింది. వణికిపోతున్న మనిషి "ఒక్కసారి కడుగు" అని బతిమాలుతుంటే కాదనడం క్రూరత్వం కాదా? చెప్పాపెట్టకుండా ఒక్కరోజులో అన్నీ ఆపేస్తే క్రూరత్వమే. సబ్బు దాచేయడం, కావాలని ముట్టుకుని ఏడిపించడం, పదిమందిలో పరువు తీయడం హింసే అవుతాయి, వాటివల్ల భయం ముదురుతుంది కూడా. నేను చెప్పే దారి వేరు. మనసు నెమ్మదిగా ఉన్న సమయంలో కూర్చుని మాట్లాడుకోవాలి. ఇంటి మొత్తానికి వర్తించే శుభ్రత నియమాలు నాలుగైదు రాసుకోవాలి. వాటికి మించి ఇంటివాళ్లు చేస్తున్నవన్నీ చిట్టా వేసి, అన్నింటికంటే తేలికైనదాన్ని ముందు మానేయాలి. అది అలవాటయ్యాకే తర్వాతిది. రోగి "ఇది శుభ్రమేనా" అని అడిగితే "నీ భయం నాకు తెలుసు, జవాబిస్తే అది ఇంకా పెరుగుతుంది, ఈ కాసేపు నీ పక్కనే కూర్చుంటాను" అనాలి. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి. అమ్మ కాదన్నది నాన్న చేసిపెడితే, అత్తగారు మానేసింది కోడలు కొనసాగిస్తే అప్పటిదాకా పడ్డ శ్రమ వృథా అవుతుంది. కలవరం మొదట పెరుగుతుంది, అది సహజం. కడగకపోయినా అది దానంతట అదే దిగిపోతుందని రోగి స్వయంగా చూడటమే మందు.

ఇది గృహవైద్యంతో తేలే పని అనుకోకూడదు. భయపెట్టేదాన్ని మెట్టుమెట్టుగా ఎదుర్కొంటూ కడగడాన్ని ఆపే చికిత్సకు 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ పునాది వేశారు. 2005లో ఎడ్నా ఫోవా బృందం ప్రచురించిన పరీక్షలో ఈ చికిత్సతో 62 శాతం మంది బాగా కోలుకున్నారు, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో అలా కోలుకున్నది 8 శాతమే. ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్ వంటి మందులూ పనిచేస్తాయి, కానీ ఫలితం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది, వారానికే విసిగి మానేయకూడదు. ఇలాంటి చికిత్సలో నిపుణులు జిల్లాల్లో తక్కువన్న మాట నిజమే. అందుకే కుటుంబం పాత్ర మరింత పెరుగుతుంది. విష్ణుపురిలోని శంకర్‌రావ్ చవాన్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్యులను అడగవచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేస్తే మరాఠీలోనూ తెలుగులోనూ మాట్లాడతారు, ఖర్చు లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం శరీరపు జబ్బులతో సమానంగా మనసు జబ్బులకూ ఆరోగ్య బీమా వర్తించాలి.

చివరిగా, ఈ అదనపు ఉతుకుడు, తుడుపు ఎవరి నెత్తిన పడుతున్నాయో ఇంటి మగవాళ్లు గమనించాలి. దాదాపు ప్రతి ఇంట్లో అది ఆడవాళ్ల మీదే పడుతోంది. జబ్బు వచ్చింది కోడలికైతే పెంకితనమంటారు, అత్తకైతే పెద్దరికమంటారు, కొడుకుకైతే అందరూ చాకిరీ చేస్తారు. ఎవరికి వచ్చినా జబ్బు ఒకటే, చికిత్స ఒకటే. మీ ఇంట్లో ఎవరైనా గంటల తరబడి చేతులు కడుగుతుంటే వాళ్లను వెక్కిరించకండి, వాళ్ల కోసం మీరూ కడగకండి. ఈ వారంలోనే కూర్చుని మాట్లాడండి, డాక్టరు దగ్గరికి వాళ్లతో కలిసి వెళ్లండి.