తలుపు మాదే కదా, ఆపా!

చార్మినార్ వెనక గల్లీల్లో పనిచేసే మాలాంటి సంఘాలకి విదేశీ విలేకరులు కొత్త కాదు. వచ్చినవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే: "అరబ్బు షేకుని పెళ్లి చేసుకున్న అమ్మాయిని ఎవరినైనా చూపిస్తారా?" స్త్రీలు ఉర్దూలో చెప్పింది వాళ్లకి ఇంగ్లీషులో చెప్పే పని చాలా ఏళ్లు నేనే చేశాను. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

1991 ఆగస్టులో హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానంలో ఏడుస్తున్న పదేళ్ల పాపని ఒక ఎయిర్‌హోస్టెస్ గమనించింది. పక్కన అరవై ఏళ్ల సౌదీ దేశస్తుడు. పాతబస్తీలో నిఖా చేసుకుని తీసుకుపోతున్నాడు. ఆమె పట్టించుకోబట్టే ఆ పాప దేశం దాటలేదు. అరెస్టయిన ఆ మనిషి బెయిలు మీద బయటికొచ్చి పారిపోయాడు. వార్త ప్రపంచమంతా పాకింది. గల్లీల్లో గుసగుసగా ఉన్న వ్యాపారం బయటపడింది. మంచిదే. కానీ ఆ మనిషి పేరు ఈ రోజు ఎందరికి గుర్తుంది? ఆ పాప పేరు మాత్రం అందరికీ తెలుసు. అందుకే ఆ పేరు నేనిక్కడ రాయడం లేదు.

ఆ రోజుల్లో విదేశీ విలేకరి ఢిల్లీలో ఉండి మన దేశంతో పాటు చుట్టుపక్కల దేశాల వార్తలు కూడా చూసుకునేవారు. రెండు మూడు రోజులు ఇక్కడ తిరిగి, వార్తని ఫోనులోనో ఫాక్సులోనో పంపేవారు. అది లండన్‌లోనో న్యూయార్కులోనో అచ్చయ్యేది. మాకు కత్తిరింపు పోస్టులో వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. మా గల్లీ గురించి రాసింది మా గల్లీ చదివేది కాదు. అది అన్యాయమే. అయినా ఆ దూరం మా స్త్రీలకి ఒక పరదాలా ఉపయోగపడింది.

ఇప్పుడా పరదా లేదు. ఢిల్లీ ఆఫీసులు చాలా పత్రికలు తగ్గించుకున్నాయి. పని ఇక్కడి ఫ్రీలాన్సర్ల మీద పడింది. ప్రశ్నలు వాట్సాప్‌లో వస్తాయి. ఫోటో, శీర్షిక ఎక్కడో కూర్చున్న డెస్కు ఎంచుతుంది. అచ్చయిన గంటకి అది మళ్లీ మన చేతిలోని ఫోనులోకే వస్తుంది.

కొన్నేళ్ల క్రితం మా కుట్టు కేంద్రానికి వచ్చే ఒక అమ్మాయి ఒక విదేశీ పత్రికతో మాట్లాడింది. పదహారేళ్లకి గల్ఫు మనిషితో నిఖా, నెల తిరక్కుండా ఫోనులో తలాక్. పేరు మార్చి రాశారు. ముఖం నఖాబులో ఉంది. కానీ ఫోటోలో ఆమె వెనక వాళ్లింటి ఆకుపచ్చ తలుపు, పక్కన కిరాణా కొట్టు బోర్డు స్పష్టంగా ఉన్నాయి. దుబాయిలో ఉన్న బంధువొకడు చూసి కుటుంబం గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికి గల్లీ అంతా తెలిసింది. చెల్లెలికి కుదిరిన సంబంధం తప్పిపోయింది. "పేరు మార్చారు, ముఖం దాచారు. కానీ తలుపు మాదే కదా, ఆపా!" అంది నాతో. నా దగ్గర జవాబు లేదు. విలేకరిని ఆ ఇంటికి తీసుకెళ్లింది నేనే.

రాసినామె చెడ్డమనిషి కాదు. చాలా బాధపడింది. ఫోటో తను ఎంచలేదంది. తొమ్మిది రోజులకి దాన్ని తీసేశారు. అప్పటికే చేతులు మారిన కాపీలని ఎవరు తీస్తారు?

పిల్లల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం 23వ సెక్షను పేరు, ఫోటోలతో పాటు ఇరుగుపొరుగు వివరాలు కూడా బయటపెట్టకూడదని స్పష్టంగా చెబుతోంది. అంటే తలుపు కూడా గుర్తే అని చట్టానికి తెలుసు. కానీ ఇప్పుడు పెద్దదైన స్త్రీకి, ఎక్కడో విదేశంలో ఉన్న పత్రిక మీద ఆ రక్షణ అంత తేలిగ్గా అందుతుందా?

అలాగని తలుపులు మూసేద్దామా? మూయకూడదు. ఈ వ్యాపారం ఆగలేదు. 2017 సెప్టెంబరులో హైదరాబాదు పోలీసులు అరబ్బు దేశస్తులనీ, దళారులనీ, ఖాజీలనీ ఒకేసారి అరెస్టు చేశారు. వార్త రాకపోతే లాభపడేది వాళ్లే. బుందేల్‌ఖండ్‌లో 2002 నుంచి గ్రామీణ స్త్రీలే నడుపుతున్న 'ఖబర్ లహరియా' ఇప్పుడు ఫోన్లలోనే వార్తలు చూపిస్తోంది. సాధనం చెడ్డది కాదు. అది ఎవరి చేతిలో ఉంది, ఎవరి షరతుల మీద నడుస్తోంది అన్నదే ప్రశ్న.

కాబట్టి షరతులు మనం పెట్టాలి. ఇంటర్వ్యూకి ముందు ఆ స్త్రీకి ఆమె భాషలో చెప్పాలి: "ఇది మీ గల్లీలో కూడా చూస్తారు." ఆలోచించుకోవడానికి కనీసం ఒక రాత్రి గడువివ్వాలి. మాటలు ఇంట్లో కాదు, మరోచోట జరగాలి. ప్రతి ఫోటో ఆమె చూశాకే వెళ్లాలి. తర్వాత తీసేయమంటే ఎవరిని అడగాలో ముందే రాయించుకోవాలి. ఒప్పుకోని పత్రికకి దారి చూపించకూడదు.

మనల్ని మనం కూడా ఒక మాట అడుక్కోవాలి. విదేశీ పత్రికలో సంస్థ పేరు వస్తే నిధులు వస్తాయన్న ఆశతో మనం ఎన్ని తలుపులు తట్టాం? ఆ అమ్మాయి మళ్లీ కుట్టు కేంద్రానికి రాలేదు. ఆమె మిషను అలాగే ఉంచాం.