తమ్ముని విడిపించిన అక్క



అద్భుత శక్తులుగల పిల్లల కథలు మన బిడ్డలు చదువవచ్చునా అని అనేకులు మమ్మును అడుగుచున్నారు. అన్ని పుస్తకములకు ఒకే జవాబు చెల్లదు. కాబట్టి ఒక పుస్తకమును ముందుంచుకొని ఆలోచించుదము.

అమెరికా రచయిత్రి మడలైన్ లెంగిల్ వ్రాసిన 'ఎ రింకిల్ ఇన్ టైమ్' 1962లో వెలువడినది. అంతకు ముందు ఇరువదికి పైగా ప్రచురణకర్తలు దానిని త్రిప్పి పంపిరి. 1963లో ఆ పుస్తకమునకే న్యూబెరీ పతకము లభించినది. రచయిత్రి ఎపిస్కోపల్ సంఘమునకు చెందిన విశ్వాసి.

మెగ్, ఆమె తమ్ముడు చార్లెస్ వాలెస్, స్నేహితుడు కాల్విన్ అను ముగ్గురు, కనబడకుండ పోయిన తండ్రిని వెదకుచు వేరే లోకములకు వెళ్లుదురు. చార్లెస్ అయిదేండ్లవాడు. తల్లి, అక్క మనసులోని మాట చెప్పకముందే గ్రహించును. మెగ్‌కు అటువంటి శక్తి లేదు. కండ్లజోడు, ముక్కోపము, బడిలో మందమతి అను పేరు, ఇవే ఆమెకున్నవి.

తండ్రి బందీగానున్న లోకములో అందరిని ఒకే దుష్ట మెదడు నడిపించును. అక్కడి పిల్లలు బంతి కొట్టుట కూడ ఒకే తాళమున సాగును. చార్లెస్ తన తెలివిని నమ్ముకొని ఆ శత్రువు మనసులోనికి వెళ్లి తిరిగి రాగలననుకొని, తానే చిక్కుకొనెను. తండ్రి విడుదలైనను బాలుడు అక్కడనే మిగిలిపోయెను. వానిని తెచ్చుటకు మెగ్ ఒంటరిగా వెళ్లెను. శత్రువునకు లేనిది, తనకున్నది ప్రేమ ఒక్కటే అని తెలిసికొని, తమ్ముని ప్రేమించుచు నిలిచెను. వాడు విడిపింపబడెను.

సకల జ్ఞానమెరిగినను ప్రేమ లేనివాడు వ్యర్థుడని 1 కొరింథీయులకు 13వ అధ్యాయము బోధించుచున్నది గదా! సమ్సోను బలమునకు కొదువ లేదు. విధేయత లేక పడిపోయెను.

అయితే అమెరికాలో కొందరు క్రైస్తవ తల్లిదండ్రులు ఈ పుస్తకమును బడులనుండి తీసివేయుమని కోరిరి. ఇందులో స్ఫటిక గోళములో చూచు స్త్రీ ఉన్నది. సోదె విషయమై ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయము చెప్పునది బిడ్డకు తెలుపవలెను. మరియు చీకటితో పోరాడినవారి పేర్లలో యేసుతో పాటు బుద్ధుడు, గాంధీ, కళాకారులు కూడ ఉన్నారు. ఇది తేలికగా విడువదగినది కాదు. బాప్తిస్మమిచ్చు యోహాను సైతము వెలుగు కాడు, వెలుగును గూర్చిన సాక్షి మాత్రమే. ఆ పుట వచ్చినప్పుడు పుస్తకము లాగుకొనక, యోహాను సువార్త మొదటి అధ్యాయము తెరచి బిడ్డతో కలిసి చదువుడి.

తల్లులారా, తండ్రులారా, ఒక మాట. మొదటి ర్యాంకు తెచ్చిన బిడ్డను చుట్టముల ముందు నిలువబెట్టి, రెండవ బిడ్డను "వీడికి చదువు అబ్బలేదు" అనుట మన ఇండ్లలో వినబడుచున్నది. ఆ మాట విన్న బిడ్డ మరచిపోడు. పొగడ్త విన్న బిడ్డయు క్షేమముగా లేడు. చార్లెస్ పడిన గుంట అదే. ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఆ రెండవ బిడ్డ పేరు పెట్టి, వానిలో దేవుడుంచిన మేలును వాని ఎదుటనే చెప్పి స్తుతించుడి.

ప్రభువు మీ బిడ్డలందరిని దీవించును గాక. ఆమేన్.