జీవో చదివేవాళ్ళ మీద ఇంత కోపమెందుకు?

హైదరాబాదులో పాత భవనాన్ని కూల్చొద్దని ఎవరైనా కోర్టు మెట్లెక్కితే, చెరువు శిఖంలో వెంచర్ ఎలా వేస్తారని ఎవరైనా అర్జీ పెడితే, ఒక మాట సిద్ధంగా ఉంటుంది: పనీపాటా లేనివాళ్ళు అభివృద్ధికి అడ్డుపడుతున్నారు. ఇది ఏ ఒక్క పార్టీ మాటా కాదు. అధికారంలోకి వచ్చినవాళ్ళంతా వంతులవారీగా అన్నదే. రియల్ ఎస్టేట్ వాళ్ళు అనడంలో వింత లేదు. బాధ కలిగించేదేమిటంటే, ట్రాఫిక్‌లో గంటసేపు ఇరుక్కున్న మామూలు ఉద్యోగి కూడా ఇప్పుడు అదే అంటున్నాడు. ఫ్లైఓవర్ ఆలస్యమైతే కాంట్రాక్టరు కంటే ముందు అతనికి కేసు వేసినవాళ్ళే గుర్తొస్తున్నారు.

ఈ అభిప్రాయం పూర్తిగా తప్పు. ఈ ఊళ్ళో పౌర సంఘాలు ముప్ఫై ఏళ్ళుగా నడిపిన పెద్ద తగాదాల కాగితాలు తీసి చదవండి. వాళ్ళు కొత్త చట్టం చెయ్యమని పట్టుబట్టిన సందర్భాలు తక్కువ. ప్రభుత్వం తాను రాసి, సంతకం చేసి, గెజిట్‌లో అచ్చు వేసుకున్న నిబంధనను తానే దాటబోతుంటే, అది మీరు రాసిందేనండీ అని గుర్తుచేసిన సందర్భాలే ఎక్కువ. అడ్డుపడ్డారన్నమాట నిజమే. దేనికి అడ్డుపడ్డారన్నది ఎవరూ చెప్పడం లేదు.

జంట జలాశయాల సంగతి చూద్దాం. 1908 మూసీ వరద తర్వాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద కట్టినవి ఇవి. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. తరాలపాటు నగరం తాగింది ఆ నీళ్ళే. వాటి చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో కాలుష్యం వదిలే పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, కాలనీలు రాకూడదని 1996 మార్చి 8న ప్రభుత్వం 111వ జీవో ఇచ్చింది. ఆ పరిధిలోనే, శంషాబాద్ దగ్గర పెద్దషాపూర్‌లో ఆముదం నూనె ఉత్పత్తుల ఫ్యాక్టరీ ఒకటి పెట్టబోయారు. కాలుష్య నియంత్రణ మండలి కుదరదంది. ప్రభుత్వం 1997లో ఆ ఒక్క ఫ్యాక్టరీకి మినహాయింపు ఇచ్చింది. జీవో పుట్టి ఏడాదిన్నర కూడా కాలేదు! కంచే చేను మేస్తుంటే కేకవేసిన వాళ్ళలో హైదరాబాదుకు చెందిన ఒక స్వచ్ఛంద సంస్థ ఉంది. సొసైటీ ఫర్ ప్రిజర్వేషన్ ఆఫ్ ఎన్విరాన్‌మెంట్ అండ్ క్వాలిటీ ఆఫ్ లైఫ్ దాని పేరు. కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. 1999లో జస్టిస్ ఎం. జగన్నాథరావు రాసిన తీర్పు, పర్యావరణాన్ని మార్చబోయేవాడే దానివల్ల హాని లేదని రుజువు చేసుకోవాలంది. 2000 డిసెంబరులో ఆ మినహాయింపు చెల్లదని కోర్టు తేల్చేసింది. మన దేశ పర్యావరణ చట్టం చదివే ప్రతి విద్యార్థీ ఈరోజు ఆ కేసు చదువుతాడు.

ఆ సంస్థ ఊరుకుని ఉంటే ఏమయ్యేది? ఒక్క ఫ్యాక్టరీతో చెరువు విషమై ఉండేదా అని అడిగేవాళ్ళున్నారు. ఒకరికిచ్చిన మినహాయింపును చూపించి రెండోవాడు అడుగుతాడు, ఇద్దరిని చూపించి పదిమంది అడుగుతారు. 84 గ్రామాల భూమి అది, ధర పెరిగినకొద్దీ అడిగేవాళ్ళ బలమూ పెరుగుతుంది. 2022 ఏప్రిల్లో ప్రభుత్వమే 69వ జీవోతో ఆ ఆంక్షలు సడలించబోయింది కదా. పాతికేళ్ళపాటు ఆ నీటికి కాపలా ఉన్నది నిబంధన రాసిన అధికారులు కాదు, దాన్ని నమ్మిన పౌరులు.

తిరుపతిలోనూ ఇదే కథ. పేరూరు చెరువు భూమి 150 ఎకరాలను ఇళ్ళకోసం 1991లో టీటీడీకి, అవిలాల చెరువు భూమిని 1994లో పట్టణాభివృద్ధి సంస్థ తుడాకు ప్రభుత్వం ధారాదత్తం చేసింది. ఇంటలెక్చువల్స్ ఫోరం అనే స్థానిక సంఘం ఇదేమిటని హైకోర్టుకు వెళ్ళి ఓడిపోయింది. ఓడిపోయి ఇంటికి పోలేదు. 2006లో సుప్రీంకోర్టు చెరువు ప్రజలందరి ఆస్తి అనీ, ప్రభుత్వం దానికి ధర్మకర్త మాత్రమే అనీ చెప్పింది. అప్పటికే లేచిన ఇళ్ళను పడగొట్టమనలేదు గానీ, వాటి మీద పడే వాన నీటిని పట్టి భూమిలోకి పంపాలనీ, అక్కడ బోర్లు వెయ్యకూడదనీ షరతులు పెట్టింది. ఆ సంఘం గెలిచింది సగమే. కానీ ఆ సగం తీర్పు దేశంలో ఎక్కడెక్కడి చెరువుల కేసుల్లోనో ఇప్పటికీ అక్కరకొస్తోంది.

ఇక ఎర్రమంజిల్. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన మహలు, ప్రభుత్వ వారసత్వ కట్టడాల జాబితాలో ఉన్నది. 2019 జూన్‌లో మంత్రివర్గం అక్కడ కొత్త శాసనసభ కట్టాలని తీర్మానించి, ఆ నెలలోనే భూమిపూజ కూడా చేసింది. వారసులూ పౌర కార్యకర్తలూ హైకోర్టుకు వెళ్ళారు. అప్పుడు విన్న మాటలు గుర్తున్నాయి: శిథిలమైన కొంపకోసం రాష్ట్ర ప్రతిష్ఠను అడ్డుకుంటున్నారట. సెప్టెంబరు 16న హైకోర్టు, రక్షణ ఉన్న కట్టడం విషయంలో పాటించాల్సిన చట్టాన్ని పక్కనబెట్టి మంత్రివర్గం చేసిన తీర్మానం చెల్లదని కొట్టేసింది. తర్వాత ఆకాశం విరిగి పడిందా? శాసనసభ 1913లో పూర్తయిన పాత భవనం ఉన్న ప్రాంగణంలోనే కొనసాగింది. ఆ పాత భవనాన్ని పునరుద్ధరించే పని కూడా చేపట్టారు. కొత్త సచివాలయం 2023 ఏప్రిల్లో ప్రారంభమైంది, అందుకోసం 1888 నాటి సైఫాబాద్ ప్యాలెస్‌ను 2020లో పడగొట్టారు, ఆ కేసులో సంఘాలు ఓడిపోయాయి. ఆపినచోట రాష్ట్రం ఆగిపోలేదు. ఓడినచోట మాత్రం ఆరో నిజాం నాటి కట్టడం ఒకటి తిరిగిరాకుండా పోయింది.

నన్ను అన్నిటికన్నా కదిలించేది రాళ్ళ కథ. కేసుల కథలన్నీ మనుషులు కట్టినవాటి గురించి, ఇది అంతకు ముందుది. ఈ నగరం కింద ఉన్న గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. భూమి లోపల గట్టిపడిన శిల, పైనున్నది కొట్టుకుపోయాక బయటపడి, పగుళ్ళ వెంట నీరు దిగి, మూలలు అరిగి, పొరలు పొరలుగా ఊడి, చివరికి గుండుమీద గుండు పేర్చినట్టు నిలబడింది. అడుగున అరచేయంత ఆనుడు మీద ఇల్లంత బండ నిలబడి ఉండటం బంజారాహిల్స్ నుంచి గచ్చిబౌలి దాకా ఒకప్పుడు మామూలు దృశ్యం. దాన్ని పగలగొట్టడం ఇప్పటికీ మామూలు దృశ్యమే. కంప్రెసర్‌తో వరసగా బెజ్జాలు వేస్తారు, జిలెటిన్ కడ్డీలు దించుతారు, వైర్లు కలుపుతారు. ఎర్రజెండాతో ఒకతను రోడ్డు మీదకొచ్చి ఈల వేసి బండ్లు ఆపుతాడు. చప్పుడు వస్తుంది, చుట్టుపక్కల కిటికీలు అదురుతాయి, దుమ్ము లేస్తుంది. అతను పక్కకు తప్పుకుంటాడు, బండ్లు కదులుతాయి. మూడు నెలలకు అక్కడ సెల్లార్ తవ్వి ఉంటుంది.

1996లో కొందరు సొసైటీ టు సేవ్ రాక్స్ పెట్టినప్పుడు నవ్వినవాళ్ళే ఎక్కువ. మాజీ ఐఏఎస్ అధికారి, ఈ నగర చరిత్ర రాసిన నరేంద్ర లూథర్ దానికి అధ్యక్షులుగా పనిచేశారు. వాళ్ళు చేసింది తేలిక పని కాదు. రాళ్ళ మధ్య నడకలు పెట్టారు, ఫొటోలు తీశారు, ఎక్కడెక్కడ ఏముందో రాశారు, నగరాభివృద్ధి సంస్థ హుడా చుట్టూ తిరిగారు. పాత భవనాలకోసం ఉన్న వారసత్వ నిబంధన కిందికి 1998లో తొమ్మిది శిలా ప్రదేశాలను తెచ్చారు. సహజంగా ఏర్పడిన రాతిని కట్టడాలతో సమానంగా వారసత్వ జాబితాలో చేర్పించడం చిన్న విజయం కాదు. శిల్పారామంలో బేర్స్ నోస్ అనే గుండును పిల్లలు ఈరోజు చూడగలుగుతున్నారు. సెంట్రల్ యూనివర్సిటీలో మష్రూమ్ రాక్ ఇంకా నిలబడి ఉంది. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీదకు బుల్డోజర్లు వచ్చినప్పుడు విద్యార్థులూ పౌర సంస్థలూ కలిసి లేచారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. రాయిని, చెట్టును, నీటి మడుగును కాపాడాల్సిన ఆస్తిగా చూడటం ఈ నగరానికి ఎవరు నేర్పారు?

ప్రభుత్వం ఏం చేసింది? 2015 డిసెంబరులో ఆ వారసత్వ నిబంధననే తీసేసింది. కొత్త వారసత్వ చట్టం 2017లో గానీ రాలేదు. ఒక ఇల్లు ఖాళీ చేసేవాడు కూడా కొత్త ఇంటికి తాళం చెవి తీసుకున్నాకే పాతది అప్పగిస్తాడు.

అవతలి వాదంలో బలమైనది ఒకటుంది, దాన్ని దాటవెయ్యకూడదు. ఉస్మానియా ఆసుపత్రి విషయంలో వచ్చే వాదం అది: రోగి ప్రాణం ముఖ్యమా, గోడ ముఖ్యమా? 2020 జులైలో వార్డుల్లోకి వాన నీళ్ళు వచ్చి, మంచాల కింద మురుగు నిలిచిన దృశ్యాలు చూసినవాళ్ళెవరికైనా ఆ ప్రశ్న గుచ్చుకుంటుంది. కానీ ప్రశ్న పెట్టిన తీరే మోసం. విన్సెంట్ ఎష్ రూపకల్పన చేసిన ఆ భవనాన్ని కూల్చేస్తామని 2015లో ప్రకటించినప్పుడే వారసత్వ కట్టడాల పరిరక్షణ సంస్థ ఇంటాక్ నిపుణులు వెళ్ళి చూసి, కట్టడం గట్టిగానే ఉంది, మరమ్మతు చేస్తే నిలుస్తుంది అన్నారు. చుట్టూ ఉన్న స్థలం దాదాపు 26 ఎకరాలు. కొత్త బ్లాకు అక్కడే కట్టండి, పాతదాన్ని బాగుచెయ్యండి అన్నారే తప్ప, రోగులకు కొత్త ఆసుపత్రి వద్దని ఏ సంఘమూ అనలేదు. రోగుల కాళ్ళ కిందికి నీళ్ళు తెచ్చింది సున్నపు గోడలు కావు. పూడిక తియ్యని డ్రైనేజీ, పైకప్పు పగుళ్ళలో వేళ్ళు దించుతున్నా పీకని రావి మొక్కలు, ఏటేటా వాయిదాపడ్డ మరమ్మతు. పదేళ్ళు కొత్తదీ కట్టక, పాతదీ బాగుచెయ్యక ఉంచి, ఆ పాపాన్ని అర్జీలు పెట్టినవాళ్ళ నెత్తిన రుద్దడం అన్యాయం. చివరికి 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. పాత భవనం కూల్చకుండానే కొత్తది కట్టొచ్చని ఇప్పటికి తేలింది.

ఇదంతా జూబ్లీహిల్స్ వాళ్ళ సరదా అంటారు. ఆదివారం నడకలు, ఇంగ్లీషు ఉపన్యాసాలు, ఖరీదైన కెమెరాలు. ఈ విమర్శలో కొంత నిజముంది. బస్తీలో తెలుగులోనో ఉర్దూలోనో సభ పెట్టి, చెరువు గట్టు మీద గుడిసె వేసుకున్నవాడికి ప్రత్యామ్నాయం ఏమిటో మాట్లాడని సంఘం సగం పనే చేస్తున్నట్టు. కానీ కాపాడిన వస్తువు ఎవరికి అందుతోందో చూడండి. డబ్బున్నవాడు ట్యాంకరు కొనుక్కుంటాడు, కార్పొరేట్ ఆసుపత్రికి వెళతాడు, పిల్లల్ని రిసార్ట్‌కు తీసుకెళతాడు. చెరువు, ఉస్మానియా, ఊరుమ్మడి పార్కు లేకపోతే నష్టపోయేది అవి తప్ప దిక్కులేనివాడు. సికింద్రాబాదులో బన్సీలాల్‌పేట మెట్లబావి ఏళ్ళ తరబడి చెత్తతో నిండి, బావి అన్న ఆనవాలే లేకుండా ఉండేది. రెయిన్ వాటర్ ప్రాజెక్ట్ అనే సంస్థ జీహెచ్‌ఎంసీతో కలిసి లారీల కొద్దీ చెత్త తీయించింది. అడుగున ఊట బతికే ఉంది. 2022 డిసెంబరులో దాన్ని తెరిచాక సాయంత్రాలు అక్కడ మెట్ల మీద కూర్చునేది ఆ చుట్టుపక్కల ఇరుకు గదుల్లో ఉండే కుటుంబాలే. దీన్ని ఏ ధనవంతుల సరదా అనగలం?

ఎన్నికైన ప్రభుత్వం నిర్ణయిస్తే మధ్యలో మీరెవరన్నది ఇంకో ప్రశ్న. రాజ్యాంగం 51ఏ అధికరణ చెరువులు, అడవులు, వారసత్వం కాపాడటం పౌరుడి విధి అంటోంది. బడి పుస్తకాల్లో అచ్చువేసి పిల్లలతో వల్లె వేయిస్తాం. పెద్దయ్యాక ఆ పిల్లవాడు నిజంగానే ఆ పని చేస్తే అభివృద్ధి నిరోధకుడంటాం. మాస్టర్ ప్లాన్‌లో ఒక భూమి వాడకాన్ని మార్చే ముందు అభ్యంతరాలు తెలపమని పత్రికలో ప్రకటన వేస్తారు. పేజీ మూలన, సర్వే నంబర్ల వరస, గడువు తేదీ. దాన్ని కత్తిరించి, పటంతో సరిచూసి, ఇది చెరువు పూర్తి నీటిమట్టం, అంటే ఎఫ్‌టీఎల్ లోపల ఉందే అని గుర్తించి, గడువులోపల ఉత్తరం రాసేది ఎవరు? మన ఎమ్మెల్యే కాదు, మన కార్పొరేటరు కాదు. ఆ ఉత్తరానికి జవాబు వస్తే కోర్టు దాకా పోవాల్సిన అవసరమే చాలాసార్లు ఉండదు. జవాబు రాదు కాబట్టే కేసు, కేసు నడిచినన్నాళ్ళూ పని ఆలస్యం, ఆ ఆలస్యం మళ్ళీ వాళ్ళ ఖాతాలో.

కాబట్టి అడగాల్సింది సంఘాలను కాదు. భూమి వాడకం మార్చే ప్రతి నోటీసూ తెలుగులో, ఆ వార్డు ఆఫీసు గోడ మీద ఉండాలి. వచ్చిన ప్రతి అభ్యంతరానికీ, పని మొదలయ్యే ముందే, కారణాలతో రాతపూర్వకంగా జవాబివ్వాలి. వారసత్వ జాబితాలకెక్కిన ప్రతి కట్టడానికీ మరమ్మతు బడ్జెట్ ఎంతో ఏటా ప్రకటించాలి. తీర్పు వచ్చి ఏళ్ళు గడిచినా పూర్వస్థితికి రాని ఎర్రమంజిల్‌తోనే అది మొదలవ్వాలి, వచ్చే వానాకాలంలోపు పైకప్పు పనికి టెండరు పిలవాలి.