ఐపీస్ మార్చకండి, చోటు మార్చండి

ఈసారి కొంచెం గట్టిగా మాట్లాడతాను. ఒప్పుకోనివాళ్ళు కింద రాయండి, తెలుగులోనే పోట్లాడుకుందాం.

టెలిస్కోప్ కొన్న కొత్తలో అందరికీ ఒక సలహా వస్తుంది. "దాంతో వచ్చిన ఐపీస్ పక్కన పడెయ్. మంచిది కొనుక్కో, అప్పుడు చూడు!" మంచిది అంటే టెలీ వ్యూ కంపెనీవాళ్ళ ఈథోస్ లాంటిది. ఇక్కడ ఆస్ట్రేలియాలో ఒక్క ఈథోస్ వెయ్యి డాలర్లు దాటుతుంది. ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్ మొత్తం చాలాసార్లు అంతకంటే తక్కువకే వస్తుంది. చీర కంటే అంచు ఖరీదు అన్నమాట. సిడ్నీలోనో మెల్బోర్న్‌లోనో ఉంటూ ఇప్పుడే ఆకాశం చూడడం మొదలుపెట్టినవాళ్ళకి ఈ సలహా తప్పు. డబ్బు పోవడం ఒక్కటే కాదు, దీనివల్ల ఇంకో నష్టం కూడా ఉంది. దాని సంగతి చివర్లో చెబుతాను.

ముందు మాట సంగతి. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఐపీస్‌ని అక్షికటకం అంటారు. అక్షి అంటే కన్ను, కటకం అంటే లెన్స్. ఇంట్లో ఎవరూ అలా అనరు కాబట్టి నేను ఐపీస్ అనే రాస్తాను. టెలిస్కోప్‌లో ఉన్న పెద్ద అద్దం వెలుగుని పోగుచేస్తుంది. ఆ బొమ్మని పెద్దది చేసి కంటికి చూపించేది ఐపీస్. అది కొత్తగా వెలుగేమీ తేదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అవతలివాళ్ళ వాదన న్యాయంగా చెబుతాను. అల్ నాగ్లర్ సామాన్యుడు కాదు. అపోలో వ్యోమగాములు చంద్రుడి మీద దిగడం సాధన చేసిన యంత్రానికి కటకాలు రూపొందించిన మనిషి. 1977లో టెలీ వ్యూ పెట్టాడు. 2007లో వచ్చిన ఈథోస్‌లో 100 డిగ్రీల వెడల్పు దృశ్యం కనిపిస్తుంది. మామూలు ప్లోస్ల్ ఐపీస్‌లో 50 డిగ్రీలే. ప్లోస్ల్ అనేది వియన్నాలో 1860లో పుట్టిన నమూనా. ఎక్కువ టెలిస్కోప్‌లతో వచ్చేది అదే.

లెక్క చూద్దాం. ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ నాభ్యంతరం సాధారణంగా 1200 మిల్లీమీటర్లు. దాన్ని ఐపీస్ నాభ్యంతరంతో భాగిస్తే ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందో వస్తుంది. 13 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 92 రెట్లు. అప్పుడు ప్లోస్ల్‌లో ఆకాశం సుమారు అర డిగ్రీ కనిపిస్తుంది, అంటే ఒక నిండు చందమామ పట్టేంత. ఈథోస్‌లో ఒక డిగ్రీ పైన, రెండు చందమామలు పక్కపక్కన పట్టేంత. మోటారు లేని టెలిస్కోప్‌లో నక్షత్రం జారిపోతూ ఉంటుంది. ప్లోస్ల్‌లో రెండు నిమిషాల్లో జారిపోయేది ఈథోస్‌లో నాలుగు నిమిషాలు ఉంటుంది. ఇది నిజమైన లాభమే, కాదనను.

కానీ 25 మిల్లీమీటర్ల ప్లోస్ల్ పెట్టండి. దాదాపు అదే ఒక డిగ్రీ ఆకాశం కనిపిస్తుంది. 92 రెట్లకి బదులు 48 రెట్లు, అంతే తేడా. ఆ ఐపీస్ చాలావరకు టెలిస్కోప్ డబ్బాలోనే వస్తుంది. మీరు దాన్ని పక్కన పడేశారు!

ఇంకో సంగతి అమ్మేవాళ్ళు ముందు చెప్పరు. చిన్న ఎఫ్ నిష్పత్తి ఉన్న అద్దాల్లో, అంటే ఎఫ్/5, అంతకంటే తక్కువ వాటిలో, అంచున ఉన్న నక్షత్రాలకి తోకలు మొలుస్తాయి. దాన్ని కోమా అంటారు. అది అద్దం లోపం, ఐపీస్ లోపం కాదు. ఎంత ఖరీదైన ఐపీస్ పెట్టినా తోక పోదు. పైగా వెడల్పు దృశ్యంలో తోకలు ఇంకా బాగా కనిపిస్తాయి. అప్పుడు "పారాకార్ కొనుక్కో" అంటారు. దానికి ఇంకొన్ని వందల డాలర్లు.

అసలు ప్రశ్న ఇది: మన పెరట్లోంచి గెలాక్సీలు ఎందుకు కనిపించవు? ఐపీస్ వెలుగుని మింగేస్తోందా? లేదు. మంచి పూతలున్న చవక ప్లోస్ల్ కూడా వచ్చిన వెలుగులో 90 శాతం పైగా కంటికి పంపిస్తుంది. ఖరీదైనది ఇంకా కొన్ని శాతాలు ఎక్కువ పంపుతుందేమో. కానీ నగరం మధ్యలో ఆకాశం, నిజంగా చీకటిగా ఉండే చోటికంటే పదుల రెట్లు వెలుగుగా ఉంటుంది. పదుల రెట్ల నష్టాన్ని నాలుగు శాతం లాభంతో పూడ్చడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే.

నమ్మకం లేకపోతే పర్రమట్టా వెళ్ళండి. మనవాళ్ళు వారాంతంలో దోసెలు తినే హారిస్ పార్క్ పక్కనే. 1826లో జేమ్స్ డన్‌లప్ అనే స్కాట్లండ్ మనిషి పర్రమట్టాలో తన ఇంటి దగ్గర తొమ్మిది అంగుళాల టెలిస్కోప్ పెట్టి దక్షిణాకాశం అంతా వెతికాడు. 1828లో 629 వస్తువుల జాబితా అచ్చయింది. సెంటారస్ ఎ అనే గెలాక్సీని మొదట చూసింది ఆయనే. ఆయన అద్దం గాజుది కాదు, రాగి, తగరం కలిపిన లోహానిది. ఇప్పటి అద్దం కంటే చాలా తక్కువ వెలుగు ఇస్తుంది. పూతలున్న ఐపీస్ అప్పటికి ఇంకా పుట్టనే లేదు. మీ డబ్బాలో వచ్చిన ప్లోస్ల్ చూస్తే డన్‌లప్ కళ్ళకి అద్దుకునేవాడు. ఇప్పుడు అదే పర్రమట్టాలో, ఆయనకంటే మంచి పరికరంతో, అదే గెలాక్సీ కోసం మనం కష్టపడాలి. అద్దం మెరుగైంది, ఐపీస్ మెరుగైంది. పాడైంది ఆకాశం ఒక్కటే.

చోటు ఎంత ముఖ్యమో మన పెళ్ళిళ్ళే చెబుతాయి. సిడ్నీలో జరిగే తెలుగు పెళ్ళిలో కూడా పంతులుగారు అరుంధతిని చూపిస్తారు. అరుంధతి ఇక్కడ ఎంత ఎత్తుకి వచ్చినా దిగంతం నుంచి రెండు డిగ్రీలు దాటదు. దిగంతం అంటే నేలా ఆకాశమూ కలిసినట్టు కనిపించే గీత. చెట్లూ ఇళ్ళూ దాటి ఆమెని చూపించే ఐపీస్ ఏ కంపెనీ చెయ్యలేదు. అటు వైపు 47 టుకానే అనే అందమైన నక్షత్రాల గుంపు ఉంది. హైదరాబాద్‌లో అది దిగంతాన్ని దాదాపు రాసుకుంటూ పోతుంది, మన తాతమ్మలు చూసి ఉండరు. సిడ్నీలో 50 డిగ్రీల పైకి వస్తుంది. వలస వచ్చి ఏం పోగొట్టుకున్నామో అందరూ చెబుతారు. దీన్ని ఎవరూ లెక్కలో వెయ్యరు.

"నాకు కళ్ళజోడు ఉంది, ప్లోస్ల్‌లో కన్ను ఇరుక్కుపోతుంది" అంటారా? ఇది సరైన మాట. 10 మిల్లీమీటర్ల ప్లోస్ల్‌కి కన్ను 7 మిల్లీమీటర్ల దగ్గరికి తేవాలి, కళ్ళజోడుతో కుదరదు. 20 మిల్లీమీటర్ల దూరం నుంచి చూడగలిగేది ఒకటి కొనుక్కోండి. దానికి వెయ్యి డాలర్లు అక్కర్లేదు, విక్సెన్ ఎస్‌ఎల్‌వి లాంటివి చాలు.

"పిల్లలు, ఉద్యోగం, ప్రతివారం ఊరు దాటి వెళ్ళలేం" అంటారా? వెళ్ళొద్దు. చందమామ, శని, గురుడు పెరట్లోంచే బాగుంటాయి. నెలకోసారి, అమావాస్య దగ్గరి శనివారం చాలు. సిడ్నీవాళ్ళకి ఇల్ఫర్డ్ దగ్గర వైరూనా ఉంది, అది న్యూ సౌత్ వేల్స్ ఖగోళ సంఘంవాళ్ళ స్థలం. అలాంటి చోట వేరేవాళ్ళ ఈథోస్‌లోంచి ఊరికే చూడొచ్చు కూడా. ఇంకా దూరం వెళ్ళగలిగితే కూనబారాబ్రాన్ దగ్గర వరంబంగల్ నేషనల్ పార్క్. 2016లో ఆస్ట్రేలియాలో మొదటి డార్క్ స్కై పార్క్ అయింది. కళ్ళు చీకటికి అలవాటు పడడానికి అరగంట ఇవ్వండి. దానికి ఖర్చు లేదు.

బ్లూ మౌంటెన్స్‌లో ఉండిన రాబర్ట్ ఎవాన్స్ అనే చర్చి పాస్టరు ఇంట్లో పెట్టుకునే టెలిస్కోప్‌లతో, కంటితో చూసి, దాదాపు 40 సూపర్‌నోవాలు కనిపెట్టారు. గెలాక్సీ చుట్టూ ఏ చుక్క ఎక్కడ ఉండాలో ఆయనకి గుర్తుండేది, కొత్త చుక్క వస్తే పట్టేసేవారు. ఆ గుర్తు ఏ డబ్బాలోనూ రాదు. మనకి ఇది కొత్త పాఠమా? నిఘంటువు మీద నిఘంటువు కొంటే తెలుగు రాలేదు. మాట్లాడే మనుషుల మధ్యకి వెళ్తే వచ్చింది.

ఇప్పుడు ఆ రెండో నష్టం. ఐపీస్‌ని అమ్మేవాళ్ళున్నారు కాబట్టి దానికి ప్రకటనలున్నాయి. చీకటిని ఎవరూ అమ్మరు, దాని తరఫున మాట్లాడేవాళ్ళు తక్కువ. కనిపించనప్పుడల్లా తప్పు మన ఐపీస్‌దే అనుకుంటే, వీధి దీపాన్ని ఎవరూ ప్రశ్నించరు. సైడింగ్ స్ప్రింగ్ అబ్జర్వేటరీ చుట్టూ 200 కిలోమీటర్ల మేర దీపాలకి ప్రభుత్వ నియమాలున్నాయి. ఎవరో అడిగారు కాబట్టి వచ్చాయి. మీ వీధి దీపానికి పైనుంచి మూత పెట్టమని మీ కౌన్సిల్‌కి ఒక ఉత్తరం రాయండి. అది ఇంగ్లీషులోనే రాయండి, పర్వాలేదు.