ఫైలు ఒకటే, కిటికీలు రెండు

చాలా ఏళ్ళ కిందటి మాట. శుక్రవారం, రాత్రి పదకొండు దాటింది. క్లయింటు సర్వర్లో ఒక కాన్ఫిగరేషన్ ఫైలు మార్చాలి. రెండు వేల లైన్ల పైచిలుకు. పైన ఫోల్డర్ల పేర్లు, ఎక్కడో అడుగున ఆ పేర్లని వాడుకునే జాబులు. పైన చూస్తూ కింద రాయాలి. పైకీ కిందకీ జారి జారి విసుగొచ్చి, నేనేం చేశానంటే, అదే ఫైల్ని ఇంకో నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. ఎడమ పక్కన ఒకటి, కుడి పక్కన ఒకటి. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఎడమ దాంట్లో ఫోల్డరు పేరు మార్చి సేవ్ చేశా. కుడి దాంట్లో కొత్త జాబు చేర్చి సేవ్ చేశా. ఇంటికెళ్ళి పడుకున్నా. పొద్దున్నే ఫోను, "ఫైళ్ళు రాలేదు" అని. వచ్చాయి, కాకపోతే పాత ఫోల్డర్లోకి! కారణం మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. కుడి పక్క నోట్‌ప్యాడ్ దగ్గరున్నది నేను పేరు మార్చకముందు ఫైలు. దాన్ని సేవ్ చెయ్యగానే నా మొదటి మార్పు గల్లంతు. "కింద ఫైలు మారింది, చూసుకో" అని ఒక్క మాటైనా అనలేదది.

శనివారమంతా ఆ ఫైళ్ళని ఇటు మోయడంతోనే సరిపోయింది. నేను కోరుకున్నది ఒక ఫైలుకి రెండు కిటికీలు. తెరిచింది మాత్రం రెండు ఫైళ్ళు. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి, చిక్కంతా అక్కడే.

సోమవారం మా టీములో ఒక పెద్దాయన ఈ కథంతా విని నవ్వి, ఈమాక్స్ తెరిచి కంట్రోల్-ఎక్స్ నొక్కి 2 నొక్కాడు. తెర పైనా కిందా రెండు ముక్కలైంది. రెండింట్లోనూ అదే ఫైలు. పై ముక్కలో ఒక అక్షరం కొడితే కింది ముక్కలోనూ పడింది. "లోపలున్నది ఒకటే, చూసేవే రెండు" అన్నాడు. 2 బదులు 3 నొక్కితే పక్కపక్కన వస్తాయి. విమ్‌లో అయితే కోలన్ కొట్టి స్ప్లిట్ అంటే చాలు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లోనూ, విజువల్ స్టూడియో కోడ్‌లోనూ ఈ సదుపాయం ఉంది. ఎక్లిప్స్ వాడేవాళ్ళు మాత్రం ఒకే ఎడిటర్ని ఇలా చీల్చడానికి 2014లో లూనా వచ్చేదాకా ఆగాల్సొచ్చింది.

ఇది ప్రోగ్రామర్ల గొడవ మాత్రమే అనుకోకండి. మా బావగారికి గుంటూరులో మిర్చి వ్యాపారం. లెక్కలన్నీ ఎక్సెల్లోనే. ఒక షీటులో రేట్లు, ఇంకో షీటులో రైతుల ఖాతాలు. రేటు చూసి, చీటీ మీద రాసుకుని, రెండో షీటుకెళ్ళి కొట్టేవారు. ఒకసారి పండక్కి వెళ్ళినప్పుడు వ్యూలో న్యూ విండో నొక్కి చూపించా. అదే వర్క్‌బుక్కు రెండు విండోల్లో, పక్కపక్కన. "ఇన్నేళ్ళూ ఇది చెప్పలేదేమోయ్!" అన్నారు. చీటీల గోల పోయింది. (అన్నట్టు, పని అయ్యాక రెండో విండో మూసేసి సేవ్ చెయ్యండి. లేకపోతే మళ్ళీ తెరిచినప్పుడు రెండూ వచ్చి కూర్చుంటాయి.)

"రెండు మానిటర్లు కొనుక్కుంటే సరిపోతుంది కదా" అంటారు కొందరు. మానిటరు ఇచ్చేది జాగా. ప్రోగ్రాము రెండో కిటికీ ఇవ్వకపోతే ఆ జాగాలో మెయిలు తెరుచుకుని కూర్చోవడమే.

ఇంతకీ నా అసలు గోడు వాడేవాళ్ళ మీద కాదు, రాసేవాళ్ళ మీద. అంటే మనమీదే. ఎంవీసీ అంటే ఏంటని ఇంటర్వ్యూలో అడిగితే గడగడా అప్పజెప్పేస్తాం. మోడల్, వ్యూ, కంట్రోలర్. 1979లో జిరాక్స్ పార్క్‌లో ట్రిగ్వే రీన్‌స్కౌగ్ అనే నార్వే ఆయన దీన్ని కాగితం మీద పెట్టాడు. అందులో ముఖ్యమైన ఆలోచన, సమాచారం ఒకటే, దాన్ని చూసే చూపులు ఎన్నైనా ఉండొచ్చని. మనం ఫోల్డర్లకి ఆ మూడు పేర్లూ పెట్టేసి, ఎంవీసీ అయిపోయిందనుకుంటాం.

దీని ఫలితం ఎక్కడ కనబడుతుందంటే, వెబ్ అప్లికేషన్లలో. "ప్రస్తుతం చూస్తున్న కస్టమరు ఎవరు" అన్నది సర్వర్ సెషన్లో పెడతాం. ఒక ట్యాబులో సుబ్బారావు గారి రికార్డు తెరిచి ఉంది. పోల్చి చూద్దామని వాడేవాడు ఇంకో ట్యాబులో అప్పారావు గారిది తెరిచాడు. ఇప్పుడు సెషన్లో ఉన్నది అప్పారావు. మొదటి ట్యాబుకొచ్చి చిరునామా మార్చి సేవ్ కొట్టాడు. తెర మీద సుబ్బారావు, మారింది మాత్రం అప్పారావు చిరునామా! ఇలాంటి బగ్గుని నేనూ రాశాను, ఇతరులు రాసినవీ దిద్దాను. చిరునామా కాబట్టి సరే, అదే బ్యాంకు ఖాతా అయితే?

ఇది తెలిసే చాలా సైట్లలో "దయచేసి ఒక్క ట్యాబు మాత్రమే వాడండి" అని ఒక బోర్డు తగిలిస్తారు. ఇంట్లో మెట్టు విరిగితే బాగుచెయ్యకుండా "మెట్టు ఉంది జాగ్రత్త" అని రాసినట్టుంది. చెయ్యాల్సింది పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఏ రికార్డో ఆ పేజీయే చెప్పాలి, సెషన్ని అడక్కూడదు. ప్రతి రికార్డుకీ ఒక వెర్షన్ నంబరు ఉండాలి. సేవ్ చేసేటప్పుడు ఆ నంబరు మారిపోయి ఉంటే ఆగి అడగాలి. ఆ రాత్రి నా నోట్‌ప్యాడ్ ఈ రెండో పని చేసుంటే నా శనివారం నాకు మిగిలేది.

మనుషులు పోల్చి చూసుకుంటారు. పాతదీ కొత్తదీ, పైదీ కిందదీ, ఇతనిదీ అతనిదీ. కాగితాల రోజుల్లో బల్ల మీద పరుచుకుని చేసిన పనే ఇది. దానికి వీల్లేని అప్లికేషన్ రాసి, వాడేవాడికి చీటీల మీద రాసుకునే గతి పట్టించడం న్యాయం కాదని నా అభిప్రాయం.

రేపు ఆఫీసుకెళ్ళగానే ఒక పని చెయ్యండి. మీరు రాసిన అప్లికేషన్ని టెస్టు సర్వర్లో రెండు ట్యాబుల్లో తెరిచి, ఇద్దరు వేర్వేరు కస్టమర్లని పెట్టి, మొదటి ట్యాబులో సేవ్ కొట్టండి. ఎవరి రికార్డు మారిందో చూడండి. అంతా సరిగ్గా ఉంటే సంతోషం. లేకపోతే ఆ పని శుక్రవారం రాత్రికి మాత్రం పెట్టుకోకండి :)