యువజనుల పుట: ఆనాడు చెప్పని మాట



కొత్తగా కాలేజీలో చేరినవారు ఈ పుటలో తమను తాము పరిచయం చేసికొనడం మన పత్రికలో వాడుక. ఈ మాసం వంతు నాది. మాది రాజపాళయం. పడమటి కనుమల అడుగున, శ్రీవిల్లిపుత్తూరుకు దగ్గరలో వున్న వూరు. రసాయనశాస్త్రం ముఖ్యాంశంగా బి.యస్సీ. మొదటి సంవత్సరం చదువుతున్నాను.

నా తెలుగు కొంచెం పాతకాలపుదిగా కనుపిస్తే మన్నించండి. బడిలో నేను తెలుగు చదువుకోలేదు. 2006లో వచ్చిన చట్టం వలన మా రాష్ట్రపు బడులలో తమిళం తప్పనిసరి అయింది. దాని మీద నాకు కోపమేమీ లేదు. తమిళం నేను ఇష్టపడి చదివిన భాష. తెలుగు మా యింటి భాష. అక్షరాలు మాత్రం పధ్నాలుగో యేట మా తాతయ్య దగ్గర దిద్దుకొన్నాను. ఆయన పెట్టెలో దాచుకొన్న పాత మాసపత్రికలే నా వాచకాలు. శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో వర్ణించిన విల్లిపుత్తూరు మాకు సైకిలు మీద పోగలిగినంత దూరంలో వున్నదని నాకు అప్పుడే తెలిసింది. అంతవరకు అది నాకు బస్సు మారే వూరు మాత్రమే.

నాకు మరొక సరదా కుక్కను పెంచడం. మా వూరి పేరు పెట్టుకొన్న వేటకుక్కల జాతి గురించి మీరు వినే వుంటారు. 2005లో తపాలాశాఖవారు దేశవాళీ కుక్కల మీద నాలుగు బిళ్ళలు వెలువరించినప్పుడు వాటిలో మా వూరి కుక్క ఒకటి. ఆ బిళ్ళ నా పుస్తకంలో మొదటి పుటలో వుంది. ఒళ్ళంతా తెలుపు, ముక్కు గులాబిరంగు. ఆ తెలుపు చూసే జనం మోజుపడతారు. కాని ఒంటికి రంగు నిచ్చే కణాలు లోపలి చెవికి కూడ కావలసినవే. అవి లోపించినందున ఈ జాతిలో కొన్ని చెవిటివి పుడతాయి. మా కుక్క అటువంటిదే. పిలిస్తే రాదు. నేలమీద కాలితో రెండుసార్లు గట్టిగా తడితే ఎక్కడున్నా పరుగెత్తుకొని వస్తుంది.

కాలేజీలో మొదటిరోజున మా ఉపాధ్యాయులు ఒక్కొక్కరినీ లేచి నిలబడమన్నారు. “పేరు, వూరు, తీరిక వేళల్లో ఏం చేస్తారో చెప్పండి. ఎక్కడైనా పని చేస్తూ వుంటే అదీ చెప్పండి” అన్నారు. నేను కుక్క సంగతి, తపాలాబిళ్ళల సంగతి, తెలుగు నేర్చుకొన్న సంగతి చెప్పి కూర్చున్నాను. పని సంగతి చెప్పలేదు.

ఇప్పుడు చెపుతాను. రోజూ సాయంకాలం మూడు గంటలసేపు నేను గాయాలకు కట్టే బ్యాండేజీ గుడ్డ తయారయ్యే చోట లెక్కలు రాస్తాను. మా ప్రాంతంలో, ముఖ్యంగా సత్తిరపట్టిలో, ఈ గుడ్డ నేసే మరమగ్గాలు చాలా వున్నాయి. మగ్గం మీదినుంచి దిగిన గుడ్డ పచ్చిగా, మురికి తెలుపుగా వుంటుంది. నీళ్ళలో వేస్తే తేలుతుంది. పత్తి పోగు మీద సహజంగా వుండే మైనమే దానికి కారణం. కాస్టిక్ సోడాతో వుడకబెడితే ఆ మైనం వదులుతుంది. పెరాక్సైడుతో చలువ చేస్తే తెల్లబడుతుంది. అప్పుడే అది తడిని పీల్చుకొంటుంది. గాయాలకు వాడే దూదికి కూడ పరీక్ష ఇటువంటిదే: నీళ్ళలో వేస్తే పది సెకండ్లలోపల మునగాలి. కాలేజీలో వినే పాఠం సాయంకాలానికి నాకు కంటియెదుట జరుగుతుంది. గుడ్డ ఆరిన తరువాత ఆడవారు దానిని కోసి, చుట్టి, పొట్లాలు కడతారు. ఎవరు ఎన్ని చుట్టలు చుట్టారో రాయడమే నా వుద్యోగం.

ఈ పనికి ఒప్పుకొన్నందుకు తాతయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు. “మన యింటి పిల్లవాడు జీతానికి లెక్కలు రాయడమేమిటి?” అని ఆయన బాధ. 1936లో పి.ఎ.సి. రామసామి రాజాగారు మా వూళ్ళో నూలుమిల్లు స్థాపించిన కథను నాకు చిన్నప్పుడు గర్వంగా చెప్పినది ఆయనే. “మిల్లు పెట్టడం గొప్ప అయినప్పుడు, మిల్లులో పనిచేయడం చిన్నతనం ఎట్లా అవుతుంది తాతయ్యా?” అని అడిగాను. జవాబు రాలేదు. మరునాటి సాయంకాలం మాత్రం, “ఇంకా బయలుదేరలేదా?” అన్నాడు. అంతే.

తాతయ్యకు అంత ధైర్యంగా చెప్పిన నేను క్లాసులో నోరు మెదపలేదు, చూడండి! నలుగురూ ఏమనుకొంటారో అనే జంకు అది.

వారం గడిచింది. చుట్టలు లెక్కపెడుతూ వుంటే ఒకావిడ నన్ను తేరిపార చూసి, “మా పిల్ల నీ క్లాసేనట గదా నాయనా” అన్నది. తెలుగులో అన్నది! ఆవిడ కూతురు ఆ మొదటిరోజునే లేచి, సెలవుల్లో తల్లితో కలిసి బ్యాండేజీలు చుడతానని నదురుబెదురు లేకుండా చెప్పిన పిల్ల. నేను తలవంచుకొని విన్న మాట అది.

“మీరూ తెలుగువారేనా అమ్మా?” అన్నాను.

“ఇంట్లో మాట్లాడుకొనేది తెలుగే. చదవడం మాత్రం మాకెవరికీ రాదు” అన్నది.

తెలుగంటే మా వీథుల సొత్తు అనుకొనేవాడిని. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో పుట్టి, ఇంట తెలుగు మాట్లాడుతూ తమిళంలో రాసిన కి. రాజనారాయణన్‌గారి ‘గోపల్ల గ్రామం’ చదివాను. దక్షిణాదికి వలస వచ్చిన తెలుగువారి కథ అది, 1976లో వెలువడింది. వారు 2021లో కాలం చేశారు. పుస్తకంలోని తెలుగువారిని యెరుగుదును గాని, నా యెదుట కూర్చొని గుడ్డ చుడుతున్న తెలుగావిడను వారం రోజులు గుర్తించలేదు. ఆవిడ పేరుకెదురుగా రోజూ అంకెలు వేసినవాడిని నేనే.

మరునాడు క్లాసులో ఆ అమ్మాయితో, “నేనూ అక్కడే పని చేస్తున్నాను” అని చెప్పాను. “తెలుసు, మీరెప్పుడు చెపుతారా అని చూస్తున్నాను” అన్నది. అంతకన్న యేమీ అనలేదు.

ఇదీ నా పరిచయం. ఆనాడు చెప్పవలసిన మాట ఈనాడు మీ అందరియెదుట చెప్పుకొన్నాను. నాకు మల్లే చదువుకొంటూ పని చేసేవారు మన కుటుంబాలలో ఇంకా వుండేవుంటారు. వారు కూడ ఈ పుటకు రాయాలని నా కోరిక.

ఈ సంచిక రాగానే శనివారం టీ వేళ ఆవిడకు ఈ పుట చదివి వినిపిస్తానని మాట యిచ్చాను. తప్పులుంటే ముందు ఆవిడే దిద్దుతుంది.